గుట్ట మీది పాత ఇంటికి వెలుతురు, చూపు తెచ్చుకోవడం ఎలా

దక్షిణ తెలంగాణలో దేవరకొండ ఖిల్లా కింద చూసినా, నల్గొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట వాలులో చూసినా, కోయిలకొండ వైపు పోయినా గుట్ట అంచు పాత ఇళ్లకు ఒక పోలిక కనిపిస్తుంది. దర్వాజ బాట వైపు ఉంటుంది. పొలాలు, చెరువు కనిపించే పల్లపు వైపు నిండు గోడ ఉంటుంది, మహా అయితే పైన ఒక చిన్న వెంటిలేటర్. ఆ పల్లం పడమర వైపు ఉంటే అక్కడ కిటికీ పెట్టకపోవడం తెలివైన పనే. ఎండాకాలం సాయంత్రపు ఎండ ఆ గోడకే కొడుతుంది.

ఇప్పుడు అదే ఇంటిని బాగు చేయించేటప్పుడు చాలామంది చల్లటి కొండ ఊళ్ల బొమ్మలు చూపించి, ఆ గోడ మొత్తం తీసేసి అద్దం పెట్టమంటారు. మొదటి ఏప్రిల్‌కే దానికి మందపాటి పరదా పడుతుంది. ఆ తర్వాత చూపూ లేదు, వెలుతురూ లేదు. మన ఎండలో చూపు కోసం తెరిచేది వేరు, వెలుతురు కోసం తెరిచేది వేరు. చూపు కిటికీ చిన్నగా, కిందకు, నీడలో ఉండాలి. వెలుతురు ఉత్తరం నుంచి, పైనుంచి రావాలి. కింద చెప్పే పనులన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

ఎండ ఎక్కడ పడుతుందో గుర్తు పెట్టుకోండి

సుతారిని పిలవకముందే చేయాల్సిన పని ఇది. ప్రతి అర్రలో ఉదయం 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి ఎండ పడే చోట సుద్దముక్కతో గీయండి. పక్కన నెల రాయండి. సంక్రాంతి ముందు ఒకసారి, ఉగాదికి ఒకసారి, రోహిణి కార్తెలో ఒకసారి చేస్తే చాలు.

మనం ఉన్నది దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో. డిసెంబరు చివర మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మే రెండో వారానికి సరిగ్గా నెత్తి మీదకు వచ్చి, జూన్‌లో కాస్త ఉత్తరానికి వాలతాడు. అందుకే దక్షిణం కిటికీకి 2 అడుగుల సజ్జ ఉంటే మార్చి నుంచి మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు. 4 అడుగుల కిటికీలో కింది భాగం నుంచి చలికాలంలో మాత్రం వెచ్చగా వస్తుంది. అదే సజ్జ పడమట పెడితే మే నెల సాయంత్రం 5 గంటలకు కిటికీ పైభాగంలో దాదాపు 10 అంగుళాల నీడ పడుతుంది, అంతే. మిగతా కిటికీ అంతా ఎండే. సజ్జ పొడవు పెంచి పడమటి ఎండను ఆపలేం. దాని సంగతి తర్వాత చూద్దాం.

గుట్ట ఏ వైపు ఉందో కూడా చూసుకోండి. ఇంటికి తూర్పున గుట్ట ఉంటే పొద్దు ఆలస్యంగా తాకుతుంది, కాబట్టి ఉదయపు వెలుతురు మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంటి వెనక పెద్ద పరుపు బండ ఉంటే పగలంతా తాగిన వేడిని రాత్రి పదింటి దాకా విడుస్తుంది. ఆ బండకు ఎదురుగా పడకగది కిటికీ తెరిస్తే ఎండాకాలం రాత్రి లోపలికి సెగే వస్తుంది.

గోడ తాకే ముందు గుట్ట నీళ్లకు దారి

అద్దాలకు డబ్బంతా పెట్టి, కాలువకు మిగలకపోవడం ఈ పనుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు. బండ మీద పడ్డ నీళ్లు ఇంకవు. ఇంటి పైన 5,000 చదరపు అడుగుల బండ ఉంటే ఒక్క అంగుళం వానకు దాదాపు 11,800 లీటర్లు కిందకు దిగుతాయి. అవి మీ వెనక గోడ పునాదిలోకి పోతే, ఆ గోడకు కొత్త కిటికీ కోసినప్పుడు బీటలు అక్కడి నుంచే మొదలవుతాయి.

ఇంటికి, గుట్ట కోతకు మధ్య కనీసం 3 అడుగుల సందు ఉండాలి. పైవైపు అడుగున్నర వెడల్పు, అడుగు లోతు కాలువ తీసి, ప్రతి 10 అడుగులకు ఒకటిన్నర అంగుళం వాలు ఇచ్చి ఇంటి రెండు పక్కలకూ మళ్లించండి. మట్టిని ఆపే గోడ ఉంటే దానికి 3 అంగుళాల పీవీసీ పైపులు ప్రతి 5 అడుగులకు ఒకటి, బయటకు వాలేలా పెట్టాలి. గోడ వెనక అడుగు మందాన కంకర, కంకరకూ మట్టికీ మధ్య నీళ్లను వదిలి మట్టిని ఆపే జియో ఫాబ్రిక్ గుడ్డ వేయాలి. కంకర లేకుండా ఉత్త పైపులు పెడితే రెండు వానలకే మొరం వచ్చి మూసుకుపోతాయి. అప్పుడు గోడ వెనక నిలిచిన నీళ్లే గోడను తోస్తాయి.

పైనున్న గుండ్లనూ చూడండి. గుండు ఎంత పెద్దదన్నది కాదు, దాని కింద మొరం కొట్టుకుపోయి ఖాళీ ఏర్పడిందా అన్నది ముఖ్యం. ఖాళీ ఉంటే రాతి కట్టుబడితో బిగించాలి. ఒక గుండుకు ఇంకో గుండు ఆనుకుని ఉంటే చూపుకు అడ్డమని దాన్ని తీయించకండి. విడిగా ఉన్న రాయి తీయాల్సి వస్తే పేలుడు జోలికి పోకుండా, అడుగు దూరానికొక బెజ్జం వేసి వ్యాకోచించే పొడి నీళ్లలో కలిపి పోస్తే ఒకటి రెండు రోజుల్లో రాయి తనంతట తానే చీలుతుంది.

కాలువల పని, గోడ కోసే పని మృగశిర కార్తె లోపల, అంటే జూన్ మొదటి వారానికి ముగియాలి. గోడ కోయడానికి డిసెంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం.

మీ గోడ ఏ రకం?

పల్లపు గోడలో ఒక మూల చారెడు ప్లాస్టర్ కొట్టి చూడండి. రాళ్ల మధ్య వేలితో గీస్తే రాలేది మట్టి అడుసు. తెల్లగా, గీరితే పొడి రాలేది సున్నం. గట్టిగా బూడిద రంగులో ఉన్నది సిమెంటు.

మట్టి అడుసుతో కట్టిన అడుగున్నర, రెండు అడుగుల రాతి గోడ చాలాసార్లు రెండు పొరలు. బయటో వరస, లోపలో వరస, మధ్యలో చిల్లరాళ్లు, మట్టి. గోడ ఇటు నుంచి అటు దాకా పట్టి ఉంచే పొడవు రాళ్లు తక్కువగా ఉంటాయి. అందులో వెడల్పుగా కోస్తే మధ్యలోని మట్టి, రాళ్లు ఇసుక గడియారంలా కారిపోయి, రెండు పొరలూ విడిపోతాయి. ఇలాంటి గోడలో రెండున్నర అడుగుల వెడల్పు దాటకండి. చూపు ఎక్కువ కావాలంటే నిలువుగా, నేల దగ్గరి దాకా దించండి. రెండు కిటికీల మధ్య కనీసం 3 అడుగుల గోడ ఉంచండి. ఈ గోడకు బయట సిమెంటు ప్లాస్టర్ వేయించకండి. లోపలి చెమ్మ బయటకు పోలేక అడుసును మెత్తబరుస్తుంది. ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక మేలు.

పైకప్పు మట్టి మిద్దె అయితే బరువు లెక్క వేసుకోండి. అడుగు మందం మట్టి ఉంటే చదరపు అడుగుకు 45 నుంచి 50 కిలోలు. దూలాల కొసలు ఏ గోడ మీద ఆనాయో చూసి, ఆ గోడను వీలైతే వదిలి, దూలాలు ఆనని గోడను తెరవండి. దూలం కొస కింద కిటికీ ఎప్పుడూ రాకూడదు.

పాత బీటలుంటే వాటి మీద వేలెడంత అద్దం ముక్కను రెండు కొసలా సిమెంటుతో అతికించి తేదీ రాయండి. మూడు నెలలకు అద్దం పగలకపోతే బీట పాతది, ఆగిపోయింది. పగిలితే గోడ ఇంకా కదులుతోంది. అప్పుడు కిటికీ మాట పక్కన పెట్టి పునాది చూపించండి.

చూపు కిటికీకి కొలతలు

ఈ కొలతలు కాగితం మీద కాదు, కూర్చుని తీసుకోండి. కుర్చీలో కూర్చుంటే కన్ను నేల నుంచి 3 అడుగుల 9 అంగుళాల దగ్గర ఉంటుంది. చాప మీద కూర్చుంటే రెండున్నర అడుగుల చుట్టూ. మామూలుగా మేస్త్రీలు కిటికీ అడుగును 3 అడుగుల ఎత్తున పెడతారు. కిటికీకి 6 అడుగుల దూరంలో కుర్చీలో కూర్చుంటే, ఆ ఎత్తు మీదుగా 7 డిగ్రీలే కిందకు చూడగలం. అంటే ఆకాశం, దూరపు గుట్టలు తప్ప కింద పొలం కనిపించదు. అదే అడుగును అడుగున్నరకు దించితే 20 డిగ్రీలు కిందకు కనిపిస్తుంది. చెరువు, కట్ట, వరి మడులు అన్నీ చూపులోకి వస్తాయి. గుట్ట ఇంటికి చూపు కిందే ఉంటుంది కాబట్టి కిటికీని పైకి పెంచడం కన్నా కిందకు దించడమే లాభం. పైన 6 అడుగుల దగ్గర ఆపేస్తే చాలు. నడినెత్తి ఆకాశపు జిగేలు తగ్గుతుంది.

సిమెంటు, సున్నం గోడలో నాలుగు అడుగుల వెడల్పు, నాలుగున్నర ఎత్తు ఒక్క కిటికీ సరైన చోట పెడితే, 12 అడుగుల అద్దం గోడ కన్నా ఎక్కువ చూస్తారు. ఎందుకంటే దాన్ని మూయాల్సిన అవసరం రాదు.

సిమెంటు, సున్నం గోడను తెరవడం

మూల నుంచి కనీసం 2 అడుగులు వదలండి. ఒక గోడలో తెరిచిన వెడల్పులన్నీ కలిపితే ఆ గోడ పొడవులో సగం దాటకూడదు.

మొదట పైకప్పుకు జాకీలు, అంటే కప్పు బరువు మోసే ఇనుప ఊతాలు. గోడకు రెండున్నర అడుగుల దూరంలో, ప్రతి 3 అడుగులకు ఒకటి, పైనా కిందా చెక్క పలకలు వేసి బిగించాలి. గుట్ట ఇళ్లలో నేల కింద ఒక పక్క బండ, ఇంకో పక్క పోసిన మట్టి ఉంటుంది. మట్టి ఉన్న వైపు జాకీ కింద పలక పెద్దది వేయకపోతే రాత్రికి రాత్రే అది అర అంగుళం దిగుతుంది. పొద్దున పని మొదలయ్యేటప్పుడు ప్రతి జాకీనీ చేత్తో పట్టి ఊపి చూడండి. వదులైతే మళ్లీ బిగించాలి.

తర్వాత పైదూలం, అంటే కిటికీ పైన గోడ బరువు మోసే దూలం. కింద గోడ తీయకముందే పైదూలం లోపలికి పోవాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. అడుగున్నర గోడ అయితే, బయటి వైపు నుంచి సగం మందం మేర ఒక గాడి కోసి, 6 అంగుళాల ఇనుప ఐ-బీమ్ (I అక్షరం ఆకారపు దూలం) ఒకటి ఎక్కించండి. రెండు కొసలూ గోడ మీద కనీసం 9 అంగుళాలు ఆనాలి. ఆ కొసల కింద 6 అంగుళాల మందం కాంక్రీటు దిమ్మ ముందే పోసి గట్టిపడి ఉండాలి. బీమ్ పైకీ పాత గోడకూ మధ్య ఉన్న సందులో కుంచించుకుపోని గ్రౌట్ (సందులు నింపే మిశ్రమం) కూరాలి. మామూలు సిమెంటు పెడితే ఆరాక కుంచించుకుని వెంట్రుకవాసి సందు మిగులుతుంది. పైగోడ ఆ మేర దిగినప్పుడు కిటికీ మూలల నుంచి ఏటవాలు బీటలు వస్తాయి. మూడు రోజులు ఆగి లోపలి వైపు గాడి కోసి రెండో బీమ్ ఎక్కించండి. ఇంకో మూడు రోజులు ఆగండి. అప్పుడు కింద గోడ తీయండి, పైనుంచి కిందకు, సుత్తె, ఉలితో. బ్రేకర్ మిషన్ పెడితే అదురుకు పక్క రాళ్లు కూడా కదులుతాయి.

6 అడుగుల వెడల్పు వరకు, ఒక అంతస్తు ఇంటికి, ఈ రెండు బీమ్‌లు సాధారణంగా సరిపోతాయి. అంతకు మించితే, లేదా పైన ఇంకో అంతస్తుంటే స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క కట్టాకే ముట్టుకోండి. బీమ్‌లకు ముందే రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, పైన కోడిజాలీ చుట్టి ప్లాస్టర్. జాలీ లేకపోతే ఇనుము మీద ప్లాస్టర్ నిలవదు.

కోసిన పక్క అంచులు రాళ్ల పళ్లలా మిగులుతాయి. వాటిని ఇటుకతో కాని, 6 అంగుళాల కాంక్రీటు పట్టీతో కాని కట్టి, వారం తడపండి. జాకీలు అంతా అయ్యాక 14 రోజులకు, ఒక్కొక్కటిగా, చుట్టుకు కాస్త చొప్పున వదులు చేయాలి.

వెలుతురు పైనుంచి, ఉత్తరం నుంచి

పొడి వేడి ప్రాంతాలకు గది నేల వైశాల్యంలో కనీసం పదో వంతు కిటికీలుండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. 12 బై 14 గదికి అది 17 చదరపు అడుగులు. చూపు కిటికీ ఒక్కటే దాదాపు 18 అయింది. కాని లెక్క సరిపోయినా వెనక మూల చీకటిగానే ఉంటుంది. వెలుతురు కిటికీ పైఅంచు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల లోతు దాకే పనికొచ్చేంత పోతుంది.

అందుకే ఉత్తరం గోడలో 7 అడుగుల పైన అడుగున్నర ఎత్తు, 4 అడుగుల పొడవు వెంటిలేటర్ ఒకటి తెరవండి. జూన్ చుట్టుపక్కల నెలల్లో పొద్దున, సాయంత్రం తప్ప నేరు ఎండ రాదు, రోజంతా నిలకడ వెలుతురు. వేడి గాలి కూడా దాని నుంచే బయటకు పోతుంది. కాబట్టి తెరుచుకునే రెక్క పెట్టండి.

మిద్దె ఇళ్లలో గవాక్షి (వెలుతురు కోసం కప్పులో వదిలిన రంధ్రం) ఉంటే పూడ్చకండి. దాని చుట్టూ 9 అంగుళాల గట్టు కట్టి, గట్టు మీద ఉత్తరానికి వాలేలా రెండు పొరలు అతికించిన అద్దం పెట్టండి. అద్దం గట్టుకు ఒక అంగుళం బయటకు రావాలి. అద్దానికీ గట్టుకూ మధ్య ఒక పక్క సన్నని సందు వదిలి స్టీలు జాలీ కొట్టండి. వెలుతురు దిగుతుంది, సెగ పైకి పోతుంది. అడుగున్నర బై అడుగున్నర చాలు. మూడు అడుగులు చేస్తే మే నెలలో దాని కింద నిలబడలేరు.

పైకప్పుకు, గోడలకు తెల్ల సున్నం వేస్తే వచ్చిన వెలుతురు వెనక దాకా పోతుంది. కిటికీ పక్క గోడలు లోపలికి ఏటవాలుగా చెక్కిస్తే, అడుగున్నర గోడలో కిటికీ కన్నా 8 అంగుళాలు వెడల్పుగా లోపలి అంచు వస్తుంది. వెలుతురు మెత్తగా పరుచుకుంటుంది. నేలకు తాండూరు బండలు వేస్తే పాలిష్ తక్కువ ఉన్నవి తీసుకోండి, కింది కిటికీ వెలుగు కళ్లలోకి కొట్టదు.

పడమట చూపు ఉంటే

సోమశిల వైపు కృష్ణ నీళ్ల మీద పొద్దు గుంకడం చూడాలంటే పడమర మూయలేం. నీడ మాత్రం అద్దం బయటే పడాలి. లోపలి పరదా వెలుతురును ఆపుతుంది, వేడిని ఆపదు. ఎండ అద్దం దాటాక వేడి గదిలో ఉన్నట్టే. వెదురు తడిక బయట, అద్దానికి 4 అంగుళాల దూరంలో, పైకి చుట్టేలా కట్టించండి. మార్చి నుంచి జూన్ దాకా మూడింటికి దించి, పొద్దు గుట్టలను తాకే వేళకు ఎత్తాలి. శాశ్వతంగా కావాలంటే గోడకు 12 నుంచి 15 అడుగుల దూరంలో కానుగ నాటండి. దక్షిణానికి జరిపి నాటితే చూపుకు అడ్డం రాదు.

అద్దం, సలాకలు, వసారా

అద్దం కొలత ఫ్రేమ్ బిగించి ప్లాస్టర్ అయ్యాకే ఇవ్వండి. టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) అద్దం తయారయ్యాక కోయడం కుదరదు. ప్రతి పక్క 3, 4 మిల్లీమీటర్లు తగ్గించి చెప్పాలి. 3 అడుగుల కింద ఉన్న అద్దమంతా పగిలినా రాలిపోని అతుకు అద్దమే ఉండాలి.

గుట్ట అంటే కోతులు, తేళ్లు. సలాకల మధ్య 3 అంగుళాలకు మించితే పిల్ల కోతి దూరుతుంది. నిలువు సలాకలే పెట్టండి, అడ్డపట్టీ కన్ను ఎత్తుకు రాకుండా చూడండి. కింది కిటికీలకు స్టీలు జాలీ తప్పనిసరి.

యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీ అయితే బిగించిన రోజే రెక్క జారే కింది పట్టాలో చెంబెడు నీళ్లు పోయండి. నిమిషంలో బయటకు కారిపోవాలి. కారకపోతే బయటి రంధ్రాలు సిమెంటుతో మూసుకుపోయాయని అర్థం. అవి అలాగే ఉంటే మొదటి ఈదురు వానకే నీళ్లు లోపలి గోడ మీదకు దిగుతాయి. కిటికీ కింది బండకు బయటకు అర అంగుళం వాలు, సజ్జ కింద అంచుకు అంగుళం లోపల అర అంగుళం లోతు గాడి ఉంచండి.

పల్లపు వైపు వసారా కడితే స్తంభాలు పోసిన మట్టి మీద నిలపకండి, బండ తగిలేదాకా తవ్వండి. వసారా అంచు రెయిలింగ్ 3 అడుగుల 6 అంగుళాల ఎత్తు ఉండాల్సిందే. అది లోపల కూర్చున్నవారి చూపుకు అడ్డొస్తుంది. అందుకే వసారా నేలను ఇంటి నేల కన్నా రెండు మెట్లు, అంటే 14 అంగుళాలు దించండి. రెయిలింగ్ పైఅంచు లోపలి నేల నుంచి 2 అడుగుల 4 అంగుళాలకు దిగి, కన్ను కిందకు పోతుంది. ఇంట్లోకి నీళ్లు రాకుండా కాపాడేదీ ఆ మెట్ల తేడానే.

మొదటి పెద్ద వాన వెలిశాక గొడుగు పక్కన పెట్టి ఇంటి చుట్టూ తిరగండి. మట్టి ఆపే గోడ పైపులన్నింటి నుంచి నీళ్లు వస్తున్నాయా, కొత్త కిటికీ పైమూలల్లో తడి మచ్చ ఉందా, కాలువలో మొరం ఎక్కడ పేరుకుంది, ఈ మూడూ చూసి రాసుకోండి. నీళ్లు రాని పైపులో అదే రోజు ఇనుప చువ్వ పొడిచి తెరవండి, మొరం ఆరితే గట్టిపడుతుంది.